ఒక భూకంపము, రెండు లేఖనములు

మనిషి తన విశ్వాసాన్ని వాకిట విడిచి సభలోనికి రావలెనా, వెంటబెట్టుకొని రావచ్చునా అన్న ప్రశ్న రాజనీతికి ఎంత చెందునో సాహిత్య విమర్శకూ అంతే చెందును. సభలో విశ్వాసము వాక్యరూపము ధరిస్తుంది. ఆ వాక్యము ఎదుటివాని సమాధానానికి చోటిస్తున్నదా, లేదా అని పరీక్షించుట విమర్శకుని పని. అట్టి పరీక్షకు 1934 నాటి గాంధీ-టాగూరు సంవాదము ఎంతో అనువైనది.

ఆ సంవత్సరము జనవరి 15వ తేదీ మధ్యాహ్నము మహాభూకంపము ఉత్తర బీహారును, నేపాలును కుదిపివేసినది. ముంగేరు, ముజఫర్‌పూరు పట్టణాలు శిథిలమైనవి. బావులు ఇసుకతో పూడినవి; పంటభూములు ఇసుక మేటల క్రింద పడినవి. వేలకొలది జనులు మరణించినారు. గాంధీజీ అప్పుడు అస్పృశ్యతా నివారణ యాత్రలో దక్షిణదేశమున ఉన్నారు. ఆ నెలలోనే తిరునల్వేలిలో మాట్లాడుతూ, ఈ విపత్తు అస్పృశ్యతా పాపానికి దైవము విధించిన శిక్ష అని తాను నమ్ముతున్నానన్నారు. టాగూరు దానికి ఖండన వ్రాసి గాంధీజీకే పంపినారు. ఫిబ్రవరి 16 నాటి 'హరిజన్' పత్రికలో గాంధీజీ ఆ ఖండనను ప్రచురించి, దానితోపాటు తన సమాధానమును కూడ ఇచ్చినారు.

టాగూరు అస్పృశ్యతను నిరసించుటలో గాంధీజీకి తీసిపోయినవారు కారు. ఆయన అభ్యంతరము తర్కముతోనే. భౌతిక విపత్తుకు కారణము భౌతికమైనదే కావలెనన్నది ఆయన మొదటి మాట. దోషులు దూరాన క్షేమముగా ఉండగా పసిబిడ్డలను, అస్పృశ్యులనబడు వారినే బలిగొను శిక్షను ఏ నాగరిక పాలకుడు విధించునన్నది రెండవ మాట. మూడవ మాట మన ప్రశ్నకు ఆయువుపట్టు: ఈ తర్కము ప్రతిపక్షులకే ఎక్కువ అక్కరకు వచ్చును. గాంధీజీయు, ఆయన అనుచరులును చేస్తున్న పనికే దైవము కోపించెనని వారనినచో, ఆ మాటను కాదనుటకు ఏ సాధనము మిగులును? ఇరువురి చేతికీ ఒకే విధముగా అమరు ఆయుధము వివాదాన్ని తేల్చజాలదు.

గాంధీజీ సమాధానములోని బలము దాని నిష్కాపట్యము. తన విశ్వాసానికి రుజువు చూపజాలనని ఆయన ఒప్పుకొన్నారు. ఐనను పరిహాసానికి వెరచి దానిని దాచుట అసత్యమూ, పిరికితనమూ అగునన్నారు. ఈ మాటను తేలికగా త్రోసివేయరాదు. లోపల ఒక నమ్మకముంచుకొని, పైకి వేరొక హేతువును చూపువానితో కలిసి ఏ నిర్ణయమూ చేయలేము. విశ్వాసము సభలో వినబడుటే మేలు. వినబడినప్పుడే దానికి బదులు చెప్పుట సాధ్యము.

కాని ప్రకటించుట వేరు, ప్రమాణము చేయుట వేరు. ప్రత్యేకించిన బావులు, మూసిన గుడి తలుపులు అస్పృశ్యత అన్యాయమనుటకు చాలినంత సాక్ష్యము. ఆ సాక్ష్యాన్ని ఆస్తికుడూ, నాస్తికుడూ సమానముగా చూడగలరు. భూకంపము దానికి కలిపినది భయమొక్కటే. భయముచేత విడిచిన దురాచారము భయము తీరగానే తిరిగి వచ్చును. టాగూరు వ్యాసము కూడ విశ్వాసశూన్యము కాదు. మన పాపములెంతటివైనను సృష్టి కట్టడమును కూల్చజాలవను ఆయన మాటలో గాఢమైన నమ్మిక ఉన్నది. ఐతే ఆ నమ్మికను తీసివేసినను ఆయన వాదము నిలుచును. గాంధీజీ వాక్యము నిలువదు. భేదమంతయు ఇక్కడ ఉన్నది.

గాంధీజీ ఆచరణయే ఈ తీర్పును బలపరచుచున్నది. ఆ మార్చిలో ఆయన బీహారుకు వెళ్ళినారు. సహాయకార్యములో ప్రభుత్వానికి సగౌరవముగా సహకరించవలెనని పట్నాలో తీర్మానము ప్రతిపాదించినారు. ఆ పనిలో కలిసి రావలసినవారు పాపశిక్షను నమ్మవలసిన అవసరము లేకపోయినది. నీరు, నీడ, పొలములోని ఇసుక అందరికీ తెలిసిన అక్కరలు.

నాడు బీహారు సహాయకార్యమునకు నాయకత్వము వహించిన రాజేంద్ర ప్రసాదు తరువాత రాజ్యాంగ సభకు అధ్యక్షులైనారు. 1949 అక్టోబరు 17న ఆ సభలో ఇదే ప్రశ్న మరియొక రూపములో తలయెత్తినది. రాజ్యాంగ ప్రస్తావనను ఈశ్వరుని పేరిట ఆరంభించవలెనని హెచ్.వి. కామత్ సవరణ తెచ్చినారు. ప్రతి మనిషి అంతరంగానికి సంబంధించిన విషయములో సమష్టి అభిప్రాయమును ఎవరిపైనను ఎందుకు మోపవలెనని హృదయనాథ్ కుంజ్రూ ప్రశ్నించినారు. దైవముపై ఓటు వేయు ఇబ్బందిలో తమను పెట్టవద్దని పూర్ణిమా బెనర్జీ కోరినారు. అయినను ఓటు జరిగినది: అనుకూలము 41, ప్రతికూలము 68. ఈ లెక్కను నాస్తికతకు కొలతగా చదువుట పొరపాటు. తన విశ్వాసమును ఇరుగుపొరుగువాని నోట పలికింపగోరని ఆస్తికుడు కూడ ఆ సవరణను కాదనగలడు.

ఆ రాజ్యాంగమే తన మూడవ అనుసూచిలో ప్రమాణ స్వీకారమునకు రెండు మార్గములు చూపినది. శాసనసభ్యుడు ఈశ్వరుని పేరిట ప్రమాణము చేయవచ్చును. లేదా ఆ పేరెత్తక దృఢముగా ప్రకటించవచ్చును. ఇద్దరూ స్వీకరించు బాధ్యత అక్షరాలా ఒక్కటే. ఆపైన ఇద్దరూ ఒకే సభలో కూర్చుండి, ఒకరికొకరు సమాధానము చెప్పుకొనవలసినవారే.