వార్ధక్యం - మన కథలు - ఇరుగుపొరుగు

ముసలితనాన్ని వస్తువుగా తీసుకున్న కథలు ఇటీవల తెలుగులో విరివిగా వస్తున్నవి. సంక్రాంతి, దీపావళి ప్రత్యేక సంచికలలో ఒకటి రెండయినా కనిపించక మానవు. ఇతివృత్తం ఇంచుమించు ఒకటే. కొడుకు అమెరికాలోనో బెంగుళూరులోనో ఉంటాడు. తల్లి పల్లెటూరిలో పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉంటుంది, లేదా వృద్ధాశ్రమంలో ఉంటుంది. కొడుకు డబ్బు పంపుతాడు గాని రాడు. తల్లి పోయిన తరువాత ఆమె తలగడ కింద ఒక ఉత్తరం దొరుకుతుంది. కొడుకు ఏడుస్తాడు. పాఠకుడు కూడా కాస్త కన్నీరు కార్చి, ఆ రాత్రి తన తల్లికి ఫోను చేసి, నిశ్చింతగా నిద్రపోతాడు.

ఈ కథలు అబద్ధమని నేననను. కృష్ణా, గోదావరి జిల్లాలలో అటువంటి ఇళ్ళు వీధి వీధికీ ఉన్నవి. నా అభ్యంతరం వేరు. ఈ కథలు కొడుకును బోనులో నిలబెట్టి, తక్కిన సమాజాన్నంతటినీ ప్రేక్షకుల బెంచీల మీద కూర్చోబెడుతున్నవి. తీర్పు ముందే తయారుగా ఉంటుంది: కొడుకు కృతఘ్నుడు, కాలం చెడిపోయింది, పూర్వం ఇలా లేదు. పాలమూరునుంచి బొంబాయికి కూలికి పోయిన కొడుకు తల్లి ఈ కథలలో కనిపించదు. ఆమె కొడుకు కృతఘ్నుడని చెప్పడానికి రచయితకు ధైర్యం చాలదు. కృతఘ్నుడు కాకపోయినా ఆమె ఒంటరిగానే ఉన్నదనే విషయం అతని ఇతివృత్తంలో ఇమడదు.

మన చట్టం కూడా ఈ కథనే వ్రాసింది. 2007లో పార్లమెంటు చేసిన తలిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం ప్రకారం పోషించని బిడ్డలపై ట్రిబ్యునలుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. నెలకు 10,000 రూపాయలకు మించకుండా మనోవర్తి ఇప్పించవచ్చు. బిడ్డల విషయంలో చట్టం ఇంత ఖచ్చితంగా మాట్లాడింది. ప్రభుత్వం మాట వచ్చేసరికి స్వరం మెత్తబడింది: జిల్లాకొక వృద్ధాశ్రమం చొప్పున స్థాపించ'వచ్చు'నన్నది. ఇంటివద్దనే ఉండి ముసలివారయ్యేవారికి ఎవరు ఏం చేయాలో అందులో లేదు. ఇంటివద్ద సేవ అన్న మాటను చేర్చడానికి 2019లో సవరణ బిల్లు వచ్చింది. అది చట్టం కాలేదు. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. వారిలో అత్యధికులు పల్లెలలో ఉన్నవారు, ఏ ఆశ్రమపు గుమ్మమూ ఎక్కనివారు.

శ్రీశ్రీ ఈ పొరపాటు చేయలేదు. 1950లో సంపుటంగా వచ్చిన 'మహాప్రస్థానం'లోని 'భిక్షువర్షీయసి'లో చెట్టు కింద కూర్చున్న ముసలిదానికి కొడుకున్నాడో లేడో కవి చెప్పడు. చెప్పి ఉంటే ఆ ప్రశ్న అక్కడితో ఆరిపోయేది. ఈమె చస్తే దోషమెవరిదని గాలి అడుగుతుంది. అక్కడున్న ప్రాణులు దేని పని అది చూసుకుంటవి. చివరకు విస్తరాకు మాత్రం తాను కారణం కాదని చెప్పుకుంటుంది. సమాధానం చెప్పవలసినవాడు పద్యంలో లేడు, పద్యం చదివేవాడుగా ఉన్నాడు. ఆ ప్రశ్నను అంత విశాలంగా వేసిన సాహిత్యం తరువాత దానిని ఒక ఇంటి నాలుగు గోడల మధ్యకు కుదించుకున్నది. 1972లో వచ్చిన 'బడిపంతులు' చిత్రంనాటికి ఈ కుదింపు పూర్తయింది. పంచుకున్న కొడుకులు, విడిపోయిన దంపతులు, పశ్చాత్తాపం. నేటి కథకులు ఆ అచ్చులోనే పోత పోస్తున్నారు.

పూర్వం ఇలా లేదనే మాటను కొంచెం పరీక్షించాలి. ఉమ్మడి కుటుంబంలో ముసలివారికి లోటు లేదని మనవాళ్ళు తరచు వ్రాస్తారు. లోటు లేకుండా చూసిందెవరు? 'కన్యాశుల్కం' తెరవండి. లుబ్ధావధాన్లు ముసలివాడు. అతని ఇల్లు నడిపేది విధవ అయిన కూతురు మీనాక్షి. మన విమర్శకులు మీనాక్షిని రామప్పంతులు సంబంధంలోనే చూశారు. ఆమె నీతి గురించి పుటలు నింపారు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేదెవరు, ముసలివానికి వేళకు అన్నం పెట్టేదెవరు అన్నది ఎవరికీ తట్టలేదు. జీతంలేని, పోయే చోటులేని ఆడదాని చాకిరీ మీదనే ఆ లోటులేనితనం నిలబడింది. విధవకు పునర్వివాహం వచ్చి, ఆడపిల్లకు చదువూ ఉద్యోగమూ వచ్చి ఆ చాకిరీ వదులయినప్పుడు, దానిని పతనమని వర్ణించే కథకుడు తెలిసో తెలియకో మీనాక్షిని తిరిగి వంటింట్లోకి పొమ్మంటున్నాడు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు.

రెండవ రకం కథ ఇంకొకటున్నది. అందులో ఫిర్యాదు లేదు, పరిమళం ఉన్నది. శ్రీరమణ 'మిథునం' దీనికి శ్రేష్ఠమైన ఉదాహరణ. ఆ కథలోని భాషకూ, తిండి వర్ణనకూ, ఆలుమగల పరిహాసానికీ నేను కూడా ముగ్ధుడనయినవాడినే. కాని 2012లో తనికెళ్ళ భరణి దానిని చిత్రంగా తీసినప్పుడు తెరమీద ఇద్దరే ఇద్దరు పాత్రధారులను ఉంచారు. ఆ సాహసాన్ని అందరూ మెచ్చుకున్నారు. నాకు అదే ఆ స్వప్నం గుట్టు బయటపెట్టినట్లు తోచింది. తోట ఉన్నది, ఆవు ఉన్నది, వంట ఉన్నది, ఊరు లేదు. పల్లెటూరిలో ఇద్దరు ముసలివారు ఊరు లేకుండా బ్రతకడం ఎక్కడ సాధ్యం? పశువుల కాపరి, చాకలి, పొరుగింటి కోడలు, మందులషాపు కుర్రవాడు - వీరందరినీ తుడిచివేస్తేనే ఆ ఏకాంతం అంత అందంగా కనిపిస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరు పోయిన మరునాడు, మిగిలినవారి తలుపు ఎవరు తడతారు?

మా వీధిలో ఒక రిటైరయిన పంతులుగారి భార్య ఒంటరిగా ఉంటున్నది. ఎనభై దాటినవి. ఆమెను కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు ఒకటి ఉన్నది గాని దానికి పేరు లేదు. పాలు పోసే ఆమె, గిన్నె గుమ్మంలో లేకపోతే తలుపు కొడుతుంది. ఎదురింటి పిల్ల కళాశాలనుంచి వస్తూ రక్తపోటు మాత్రలు తెస్తుంది. ఇస్త్రీ బండి అతను కరెంటు బిల్లు కడతాడు. ఒకనాడు ఆమె స్నానాలగదిలో పడితే మోసుకుపోయింది వీరే. కొడుకు విమానం దిగేసరికి కట్టు కట్టడం కూడా అయిపోయింది. ఇది సత్యం. ఇందులోనే ఇంకొక సత్యం ఉన్నది. ఈ వీధికి నాలుగు ఫర్లాంగుల దూరంలో ఉన్న పేటలో అదే వయస్సు ముసలమ్మకు పాలమనిషి రాదు, ఆమె పాలు కొనదు గనుక. ఇరుగుపొరుగు సానుభూతి దానంతటదిగా ఉన్నంతకాలం కులాన్నీ, ఆస్తినీ అనుసరించి ప్రవహిస్తుంది. దానిని సంఘంగా కట్టినప్పుడే ఈ గట్లు దాటే అవకాశం వస్తుంది.

అటువంటి నిర్మాణం కేరళ రాష్ట్రంలో జరిగింది. 1993లో కోజికోడ్ వైద్యకళాశాలలో కొందరు వైద్యులు, మిత్రులు కలిసి క్యాన్సరు రోగుల బాధ తగ్గించడానికి ఒక సొసైటీ పెట్టారు. నొప్పి తగ్గించే మందు ఆసుపత్రిలో ఉన్నది, రోగి ఇంట్లో మంచంమీద ఉన్నాడు. బస్సెక్కి రాలేనివాడికి ఆసుపత్రి ఏం చేస్తుంది? ఈ చిక్కునుంచే ఈ శతాబ్దపు తొలి ఏండ్లలో మలప్పురం మొదలైన జిల్లాలలో ఇరుగుపొరుగు పాలియేటివ్ సంఘాలు పుట్టినవి. వారానికి కనీసం 2 గంటలు ఇవ్వగలిగినవారిని చేర్చుకుని, వారికి 16 గంటల తరగతులు పెట్టి, ఆపైన రోగుల వద్ద పని నేర్పారు. ఇంటింటికీ పోయి మంచం పట్టినవారెవరో కనుక్కోవడం వారి పని. పుండు కడగడం, మాట్లాడడం, నర్సును పిలుచుకు రావడం వారి పని. అంతటితో ఆగలేదు. ఇంట్లో బియ్యం లేకపోతే బియ్యం, పిల్ల చదువు ఆగిపోతే ఫీజు కూడా ఆ సంఘం లెక్కలోకి వచ్చినవి. రోగం శరీరానిది మాత్రమే కాదని ఏ సిద్ధాంతగ్రంథమూ చదవకుండానే అక్కడి గుమాస్తాలు, విద్యార్థులు, గృహిణులు గ్రహించారు. నిధులు ఎక్కువగా స్థానికుల చిన్న చిన్న చందాలు. క్యాన్సరుతో మొదలైన పని సహజంగానే పక్షవాతం వచ్చినవారికీ, లేవలేని ముసలివారికీ విస్తరించింది. 2008లో వామపక్ష ప్రభుత్వం దీనిని రాష్ట్ర విధానంగా ప్రకటించింది. మన దేశంలో ఒక రాష్ట్రం ఇటువంటి విధానం ప్రకటించడం అదే మొదలు. తరువాత పంచాయతీలు నర్సులను నియమించి ఇళ్ళకు పంపడం ప్రారంభించినవి. ప్రభుత్వాలు మారినా పని ఆగలేదు.

ఇది మలయాళీల మంచితనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ నేల దున్నివున్నది. గ్రంథాలయోద్యమం ఉన్నది, అక్షరాస్యతోద్యమం ఉన్నది. 1996లో మొదలైన ప్రజాప్రణాళికలో ప్రణాళికా నిధులలో మూడవ వంతుకు పైగా స్థానిక సంస్థల చేతికి వచ్చినవి. పంచాయతీ చేతిలో డబ్బుంటేనే నర్సుకు జీతం. గ్రంథాలయోద్యమం మనకూ ఉండినది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914నాటిది. మన పంచాయతీల చేతిలో మాత్రం డబ్బు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. 'సమాజమే చూసుకుంటుంది' అనే మాట వినడానికి ఇంపుగా ఉంటుంది. అదే మాట ఖజానా అధికారి నోట వచ్చినప్పుడు దాని అర్థం మారుతుంది. వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా, ఎనభై ఏండ్లలోపు వారికి, 200 రూపాయలు; 2007నుంచి అది కదలలేదు. ఇంతే ఇచ్చే ప్రభుత్వం ఇరుగుపొరుగు ప్రేమను గురించి ఉపన్యసిస్తే మనం చప్పట్లు కొట్టనక్కరలేదు. అమెరికాలో బోస్టను నగరంలోని బీకన్ హిల్ పేట ముసలివారు 2002లో ఒక సంఘం నడపడం మొదలుపెట్టారు. సంవత్సర చందా కడితే బండి, మరమ్మతు మనిషి, తోడు దొరుకుతవి. ముసలివారే దానిని నిర్వహించుకోవడం ప్రశంసనీయం. ఆ నమూనా దేశమంతటా పాకింది. కాని చందా కట్టగలవారికే అది ఇరుగు. కేరళలో సైతం ఈ పని భారం ఎవరి వీపుమీద ఉన్నదో 2025 ఫిబ్రవరి 10న తిరువనంతపురం వీధిలో కూర్చున్న ఆశా కార్యకర్తలు చూపించారు. నెలకు 7,000 రూపాయల గౌరవవేతనాన్ని 21,000కు పెంచమన్నారు. అప్పుడు అక్కడ ఉన్నది మన ప్రభుత్వమే. ఆ సమ్మె మనకు ఇబ్బందికరమని మన పత్రికలు దానిని మెల్లగా దాటవేసినవి. గౌరవవేతనం అన్న మాటలో గౌరవమే ఉన్నది, వేతనం లేదు. మీనాక్షి చాకిరీ వీధిలోకి వచ్చి సేవ అనే పేరు పెట్టుకున్నంతమాత్రాన చాకిరీ కాకపోదు.

మన రాష్ట్రపు అనుభవం మరొక పాఠం. 2019 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో వాలంటీరు వ్యవస్థ ప్రారంభమయింది. సుమారు 50 ఇళ్ళకొకరు, నెలకు 5,000 రూపాయలు. ఒకటవ తారీఖున పింఛను గుమ్మంలోకి రావడం ముసలివారికి నిజమైన ఊరట. దానిని తేలికచేసి మాట్లాడేవారు ఆ ముసలివారితో మాట్లాడినవారు కారు. కాని ఆ వాలంటీరు పొరుగువాడయినా పొరుగు తరఫున రాలేదు, పాలకపక్షం తరఫున వచ్చాడు. వాడిని ప్రశ్నించడానికి ఆ యాభై ఇళ్ళకు సంఘం లేదు. ఎన్నికల ముందు, 2024 మార్చి చివర, వాలంటీర్లు పింఛను పంచరాదని ఎన్నికల సంఘం ఆజ్ఞాపించింది. ఏప్రిల్ ఎండలో ముసలివారు సచివాలయాల ముందు కూర్చున్నారు. వారి అవస్థను రెండు పక్షాలూ ఒకరిమీద ఒకరు రువ్వుకున్నవి. అదే సంవత్సరం జూలైలో పింఛను 4,000 అయింది, సచివాలయ ఉద్యోగులు తెచ్చి ఇస్తున్నారు. డబ్బు మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది. నెలలో తక్కిన ఇరవైతొమ్మిది రోజులూ ఆ గుమ్మం ఎవరు ఎక్కుతారన్న ప్రశ్న ఎవరి ప్రణాళికలోనూ లేదు.

ఈ ఎండలో కూర్చున్నవారి గురించి ఒక్క మంచి కథ నా కంటబడలేదు. వచ్చినవి కరపత్రాలు. మన రచయితలు లోగడ ఇంతకంటె దృష్టి కలవారే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులలో కూర్చున్న స్త్రీలు సారా దుకాణం మూయించినప్పుడు, ఆ ఉద్యమం మీద కథలూ పాటలూ వెంటనే వచ్చినవి. వీధికొక జట్టుగా కాపలా కాసిన ఆ ఆడవాళ్ళలో అప్పటికి ముప్పయి ఏండ్ల వయస్సువారు ఇప్పుడు అరవై దాటినవారు. ఒకనాడు ఊరిని కదిలించినవారిని ఇప్పుడు లబ్ధిదారులంటున్నాము. వారిలో ఒకామె మోకాళ్ళు పట్టుకుపోయి మంచంలో ఉంటే, ఆనాటి జట్టువారు వంతులవారీగా అన్నం పట్టుకెళ్తున్నారా, లేక ఆ జట్టు పొదుపు లెక్కలలో కరిగిపోయిందా? కొడుకు లేని కథ అది. దానిని వ్రాయాలంటే రచయిత ఊళ్ళోకి పోయి అడగాలి.

మా కళాశాలలో ఎం.ఏ. విద్యార్థులు కొందరు ఈ వేసవిలో తమ తమ వీధులలో ఒంటరిగా ఉంటున్న ముసలివారి వద్దకు పోయి మూడు విషయాలు వ్రాసుకు రావడానికి ఒప్పుకున్నారు: మందులు ఎవరు తెస్తున్నారు, పడితే ఎవరు లేపుతున్నారు, అలా చేసేవారికి ఎవరు ఏమిస్తున్నారు. వారి నోటు పుస్తకాలు చేతికి వచ్చిన తరువాత ఈ చర్చను కొనసాగిస్తాను.