ఆకలి కూడా ఒక పతకమేనా?

క్రీడాకారిణుల మీద మన పత్రికల్లో వచ్చే కథనాలను కొంతకాలంగా సాహిత్య పాఠాలుగా చదువుతున్నాను. చాలావాటికి ఒకటే ఎత్తుగడ. పేదింటి పిల్ల గంజి తాగి పరుగెత్తింది, ఆకలిని ఓడించింది, పతకం తెచ్చింది. పతకం వచ్చాక ఆ ఆకలే ఆమె గుణగణాలకు యోగ్యతాపత్రం అయిపోతుంది. అదే ఆకలితో పరుగెత్తి, ఎముక చిట్లి ఇంటికి చేరిన అమ్మాయికి మాత్రం కథ ఉండదు. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే తల్లిని త్యాగమూర్తిగా పొగిడిన భాషే ఇప్పుడు ఆటస్థలంలోకి వచ్చిందని నాకనిపిస్తుంది.

పి.టి. ఉష కథ చూడండి. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో 400 మీటర్ల హర్డిల్స్‌ను ఆమె 55.42 సెకన్లలో పూర్తి చేసింది. కాంస్యం గెలిచిన రొమేనియా అమ్మాయికి పట్టింది 55.41. సెకనులో ఆ నూరోవంతును మనం తలరాత అని చెప్పుకుంటూ వచ్చాం. 2018లో ఉష స్వయంగా వేరే లెక్క చెప్పింది. అక్కడి తిండి సయించక గంజి, మామిడికాయ పచ్చడితో సరిపెట్టుకున్నానని, చివరి 35 మీటర్లలో ఒంట్లో శక్తి నిలవలేదని. ఆమెకు వేళకు తగిన తిండి పెట్టే బాధ్యత ఎవరిది? ఆ కథను ఇన్నేళ్లు కన్నీళ్లతో చెప్పుకున్న మనం ఆ ప్రశ్న ఎందుకు వెయ్యలేదు?

వైద్యశాస్త్రం దీన్ని ‘శక్తి లభ్యత’ అంటుంది. రోజంతా తిన్నదాంట్లోంచి వ్యాయామానికి ఖర్చయింది తీసేస్తే మిగిలేదే గుండె, మెదడు, ఎముక, అండాశయం పంచుకోవాలి. మిగులు చాలనప్పుడు శరీరం పొదుపు మొదలుపెడుతుంది. నెలసరి తప్పుతుంది, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, ఎముక పలచబడి చిన్న చిన్న పగుళ్లు వస్తాయి. 1992లో అమెరికా క్రీడావైద్యులు దీనికి ‘ఫిమేల్ అథ్లెట్ ట్రయాడ్’ అని పేరు పెట్టారు. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు మగవాళ్లను కూడా కలుపుకుని ‘రెడ్-ఎస్’ అన్నారు. ఇందులో మనం గమనించాల్సిన సంగతి ఒకటుంది. మనిషి చిక్కిపోకుండానే, బరువు తగ్గకుండానే ఇది జరగవచ్చు. కావాలని పస్తులుండే వాళ్లకే వస్తుందనీ లేదు. వేళకు తినే వీలు లేక, ఎంత తినాలో చెప్పేవాళ్లు లేక కూడా వస్తుంది.

నాచారంలో మా వీధిలో ఇంటర్ చదివే అమ్మాయి ఒకామె రోజూ చీకటితోనే ఉప్పల్ వైపు మైదానానికి పోతుంది. అటునుంచి అటే కాలేజీ. పొద్దున టిఫిన్ ఉండదు, మధ్యాహ్నం డబ్బాలో పప్పన్నం, సాయంత్రం మళ్లీ పరుగు. మాటల మధ్యలో “ఐదు నెలల సంది నెలసరి వస్తలేదక్కా, మంచిగనే ఉంది” అంది. “ఉరికే పిల్లలకు అంతేనంట మేడమ్, వాళ్ల సారే చెప్పిండు” అంది వాళ్లమ్మ. డాక్టరుకు చూపించమంటే, “బరువేం తగ్గలేదు గదా” అని ఆమె సందేహం. బహిష్టును మైల అన్న సమాజమే, అది ఆగిపోతే క్రమశిక్షణ అంటోంది. మైల గురించి మన రచయిత్రులు రాస్తూనే ఉన్నారు. ఈ నిశ్శబ్దం గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది.

నాచారం నుంచి హబ్సిగూడ దాటితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థ అది. 2020లో వెలువడ్డ లెక్కల ప్రకారం కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2110 కిలోకేలరీలు కావాలి, బాగా ఒళ్లు వంచి పనిచేసే స్త్రీకి 2720. అంటే రోజూ చెమటోడ్చే కూతురు కుర్చీలో కూర్చునే తండ్రి కంటే ఎక్కువ తినాలని శాస్త్రమే చెబుతోంది. ఏ ఇంట్లో అలా వడ్డిస్తున్నారు?

‘దంగల్’ (2016) సినిమా ఈ ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోయింది. కూతుళ్లకు కోడిమాంసం పెట్టించాలని తండ్రి పట్టుబడతాడు. కండకు తిండి కావాలని ఆ సినిమాకు తెలుసు. కానీ ఏం తినాలో నిర్ణయించే హక్కు తండ్రిదే. గీత అకాడమీకి వెళ్లి జుట్టు పెంచుకుని, తనకు ఇష్టమైంది తింటే అది దారి తప్పడానికి గుర్తవుతుంది.

మన తెలుగు నేల మీది ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూద్దాం. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 1994లో ఇస్తాంబుల్‌లో 54 కేజీల విభాగంలో ప్రపంచ విజేత. 2000లో సిడ్నీలో 69 కేజీల విభాగంలో 240 కేజీలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో అదే ఇస్తాంబుల్‌లో 52 కేజీల ప్రపంచ విజేత. పారిస్ ఒలింపిక్స్‌లో ఆ విభాగం లేదు, 50కి దిగింది. 2024 ఆగస్టు 1న చైనా బాక్సర్ వూ యూ చేతిలో ఓడాక, రెండు రోజులుగా ఏమీ తినలేదని, బరువు చూసేదాకా నీళ్లు కూడా తాగలేదని చెప్పింది. ఇది నెలల తరబడి సాగే లోటు కాదు, ఆట నియమం కోసం చేసిన ఉపవాసం. అయినా రెండిటినీ మనం మెచ్చుకునే మాట ఒకటే: పట్టుదల. మల్లీశ్వరి ఒళ్లు పెరిగి గెలిచిందన్న మాటను మన కథనాలు విజయగాథగా చెప్పడం నేను ఎక్కడా చూడలేదు.

అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బతుకు’లో కుండీలోని చెట్టు చూడముచ్చటగానే ఉంటుంది. కత్తిరించిన సంగతి కథ చెబితేనే మనకు తెలుస్తుంది. క్రీడాకారిణుల గురించి రాసే వాళ్లను నేనడిగేదీ అదే. పతకం ఫొటో కింద ఆమె ఎన్ని మైళ్లు పరుగెత్తిందో రాస్తున్నారు. పొద్దున ఏం తిందో, వండిపెట్టింది ఎవరో, నెలసరి సరిగా వస్తోందో లేదో కూడా అడగండి. అడగడానికి సిగ్గుపడే విషయాలేమీ కావివి.