వసూలు చేసేవాడి జీతం

రికవరీ ఏజెంటు ఇంటిముందు అరిచాడనో, నడిరోడ్డు మీద బండి తాళం లాక్కున్నాడనో, బంధువులకు ఫోన్ చేసి పరువు తీశాడనో వార్త రాని వారం ఉండదు. వచ్చినప్పుడల్లా మనం అతని నోటి గురించే మాట్లాడుకుంటాం. అతనికి జీతం ఎలా ఇస్తారని మాత్రం ఎవరూ అడగరు. పత్రికల్లోకి రాకముందు ఖమ్మంలో ఒక ఫైనాన్స్ కంపెనీ తరఫున బండి లోన్ల కిస్తీలు వసూలు చేసినవాణ్ని కాబట్టి నాకు ముందుగా తట్టేది ఆ ప్రశ్నే. ఆ అరుపులో కొంత మనిషి స్వభావం ఉంటే ఉండొచ్చు. ఎక్కువ పాలు అతనికి డబ్బులిచ్చే పద్ధతిదే.

ఆ పద్ధతి ఇలా ఉంటుంది. గడువు దాటిన బాకీలను రోజుల లెక్కన బకెట్లుగా విడదీస్తారు. 30 రోజుల లోపువి మొదటి బకెట్, 60 లోపువి రెండోది, 90 లోపువి మూడోది. 90 దాటితే అది మొండి బాకీ కింద లెక్క, దానికోసం కంపెనీ తన లాభంలోంచి డబ్బు పక్కన పెట్టాలి. అందుకే నెలాఖరు రోజుల్లో పైనుంచి వచ్చే ఫోన్లలో ‘ఎంత వచ్చింది’ అన్నదానికంటే ‘ఎన్ని రోల్ అవుతున్నాయి’ అన్నదే ఎక్కువ వినిపిస్తుంది. ఒక బాకీ ఈ బకెట్ నుంచి పై బకెట్‌లోకి పోతే రోల్ అయిందంటారు.

తిరిగే కుర్రాళ్లలో చాలామంది ఆ కంపెనీ ఉద్యోగులు కూడా కారు. కంపెనీ పనిని ఏజెన్సీకి అప్పగిస్తుంది, ఏజెన్సీ కుర్రాళ్లను పెట్టుకుంటుంది. ఏజెన్సీకి దక్కేది వసూలైన మొత్తంలో కొంత శాతం, దాన్ని పేఅవుట్ అంటారు. బాకీ ముదిరేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది. ఓనరు ఆఫీసు అద్దె, ఫోన్ చేసే అమ్మాయిల జీతాలు, తన లాభం తీసుకున్నాక మిగిలినదాంట్లో కుర్రాడి వాటా. కంపెనీ దగ్గర బిల్లు ఎప్పుడు పాసవుతుందో తెలియదు. పెట్రోలు మాత్రం ఏ పూటకాపూట సొంత డబ్బులతో పోయించుకోవాలి.

జీతంలో ఫిక్స్‌డ్ కొంత, ఇన్సెంటివ్ కొంత. ఇన్సెంటివ్‌కు స్లాబులుంటాయి. ఉదాహరణకు ఫిక్స్‌డ్ 12 వేలు, 100 కేసుల్లో 90 పూర్తి చేస్తే ఇన్సెంటివ్ అన్నారనుకుందాం. 89 దగ్గర ఆగినవాడికి సున్నా. నెలాఖరు సాయంత్రం ఆ తొంభయ్యో గుమ్మంలో నిలబడ్డవాడికి లోపలినుంచి వచ్చే 3 వేల కిస్తీ మీద తన నెల ఇన్సెంటివ్ మొత్తం ఆధారపడి ఉంటుంది. అంతలో టీం లీడర్ ఫోను: “ఏం చేస్తవో నాకు తెల్వదు, చీకటి పడేలోపు అది క్లియర్ కావాలె.” ఏం చేయమన్నాడో కాగితం మీద ఎక్కడా ఉండదు. గొడవైతే తప్పు కుర్రాడి మీదికి పోతుంది. వసూలైతే నంబరు పైకి పోతుంది.

నిజానికి వసూలు నేర్చుకోదగ్గ పని. మా సీనియర్ ఒకాయన ఇవ్వలేనివాణ్నీ ఇవ్వనివాణ్నీ కూర్చున్న పది నిమిషాల్లో విడదీసేవాడు. గొంతు పెంచేవాడు కాదు. ఊళ్లో డబ్బు ఏ నెలలో తిరుగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. ఖమ్మం చుట్టుపక్కల పత్తి నవంబరు నుంచి సంక్రాంతి దాకా చేతికొస్తుంది. మిర్చి మార్కెట్ యార్డుకు చేరేది ఆ తర్వాత, వేసవి వరకూ. ఆగస్టులో రైతును పట్టుకుని కిస్తీ కట్టమంటే ఎరువుల కొట్లో ఇంకో ఖాతా పెట్టి కడతాడు, అంటే బాకీ చోటు మారుతుందే తప్ప తీరదు. ఆటో నడిపేవాడికి పెళ్లిళ్ల రోజుల్లో నాలుగు డబ్బులు ఆడతాయి. చిన్న ప్రైవేటు బడి టీచరుకు వేసవి సెలవుల్లో చాలాచోట్ల జీతమే ఉండదు. ఇవన్నీ తెలిసినవాడు ఎప్పుడు వెళ్లాలో తెలుసుకుంటాడు, ఎప్పుడు వెళ్లకూడదో ఇంకా బాగా తెలుసుకుంటాడు.

“తమ్మీ, పత్తి అమ్మినంక నువ్వు రాకు, నేనే ఆఫీసుకొచ్చి కడ్త” అన్న రైతులు వచ్చి కట్టడం నేను చూశాను. కానీ మా షీట్లో కట్టే తేదీ రాసే గడిలో ఈ నెల తేదీ తప్ప రాయడానికి వీల్లేదు. జనవరి అని రాస్తే అది మాట తీసుకోవడం కింద లెక్కకు రాదు, కేసు వదిలేసినట్టు. సీనియర్ పనితనం కంపెనీకి ఏళ్ల తరబడి లాభమే తెచ్చింది. ఆయన ఇన్సెంటివ్ మాత్రం వానాకాలమంతా కోతపడేది. ఊరిని చదవగలిగినవాడికి తక్కువ, తలుపు గట్టిగా కొట్టినవాడికి ఎక్కువ ముట్టే లెక్క అది. కొత్తగా చేరినవాడు దాన్ని చూసే పని నేర్చుకుంటాడు.

మైక్రోఫైనాన్స్‌లో, అంటే ఆడవాళ్ల గ్రూపులకిచ్చే చిన్న అప్పుల్లో, కథ ఇంకో రకం. అక్కడ ఫీల్డ్ ఆఫీసర్లు ఎక్కువగా కంపెనీ ఉద్యోగులే. ఆడవాళ్లు కూలికి వెళ్లకముందే కిస్తీలు కట్టే సెంటర్ మీటింగ్ పెట్టాలి కాబట్టి కోడి కూసే వేళకే బండి తీస్తారు. ఊరూరా తిరిగి వసూలు చేసిన నోట్ల కట్టలు సంచిలో వేసుకుని ఒంటరిగా మట్టిరోడ్ల మీద తిరిగి రావాలి. గ్రూపులో ఒకామె తక్కువైతే మిగతావాళ్లు వేయాలి. వాళ్లూ చేతులెత్తేస్తే ఫీల్డ్ ఆఫీసరే జేబులోంచి వేసి సెంటర్ పూర్తయిందని రాస్తాడు. వారం తర్వాత ఆ ఇంటికి వెళ్లి “అక్కా, మొన్నటిది నేనేసిన, నా డబ్బులు నాకియ్యి” అంటాడు. కంపెనీ పుస్తకంలో అది నూరు శాతం వసూలు. ఊళ్లో మాత్రం ఒక పేదరాలు ఇంకో జీతగాడికి బాకీ పడింది. ఈ రెండో బాకీ ఏ నివేదికలోనూ కనిపించదు, దానికి రసీదూ ఉండదు.

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి వారపు కిస్తీలను నెలవారీ చేసింది, వసూళ్లను పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలాలకు పరిమితం చేసింది. అప్పట్లో దేశంలోని పెద్ద మైక్రోఫైనాన్స్ కంపెనీలు కొన్నిటికి హైదరాబాదే కేంద్రం. రాష్ట్రంలో వాటి వసూళ్లు కుప్పకూలాయి, ఫీల్డ్ సిబ్బంది ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అప్పు తీసుకున్నవారి ఆత్మహత్యల మీద, వడ్డీ మీద, ఆ కంపెనీల షేర్ల మీద చర్చ జరిగింది, జరగాల్సిందే. ఆ చర్చ తర్వాత రిజర్వ్ బ్యాంకు ఈ కంపెనీలకు ఇచ్చిన నియమావళిలో ఒక మంచి మాట కూడా చేరింది: సిబ్బందికి ప్రతిఫలం లెక్కగట్టేటప్పుడు ఎన్ని లోన్లు ఇచ్చారు, ఎంత వసూలు చేశారు అన్నవాటికంటే సేవకూ ఖాతాదారు సంతృప్తికీ ఎక్కువ విలువ ఇవ్వాలని.

బ్యాంకుల విషయంలో ఈ సంగతి అంతకుముందే తేలింది. 2007లో సుప్రీంకోర్టు కండబలంతో వాహనాలు లాక్కోవడాన్ని గట్టిగా తప్పుపట్టింది. 2008 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇస్తూ, మితిమీరిన టార్గెట్లు, పెద్ద ఇన్సెంటివ్‌లు ఏజెంట్లను బెదిరింపులకు పురిగొల్పుతున్నాయనీ, అలాంటి ఒప్పందాలు రాసుకోవద్దనీ బ్యాంకులకు చెప్పింది. అంటే రోగం ఎక్కడుందో పెద్దలకు అప్పుడే తెలుసు. అయినా ఆ తర్వాత నిబంధనలు ఎక్కువగా ఏజెంటు ప్రవర్తన చుట్టూనే తిరిగాయి. పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత బాకీ కోసం ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మైక్రోఫైనాన్స్‌లో ఆ హద్దు 9 నుంచి 6. ఏజెంట్లకు 100 గంటల శిక్షణ, డిగ్రీ ఉన్నవారికి 50 గంటలు, ఆపైన పరీక్ష. ఇవన్నీ కావలసినవే. కానీ శిక్షణ నేర్పిన మర్యాదను స్లాబు మొదటి నెలాఖరుకే మరిపిస్తుంది.

2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసినప్పుడు ఈ లెక్క ఎంత దూరం పోగలదో లోకానికి తెలిసింది. అప్పు తీసుకున్నవాడి ఫోన్లోని నంబర్లన్నిటికీ ఫోన్ చేసి తిట్టడమే అక్కడ రోజువారీ పని. ఆ కుర్చీల్లో ఉన్నది నెలజీతం కోసం చేరిన యువతీయువకులు. చేసిన తప్పుకు శిక్ష ఉండాల్సిందే. అయితే ఆ మాటలకు జీతం కట్టిచ్చినవాళ్లు దూరంగా ఉండిపోయి, పలికినవాళ్లే ముందు దొరకడం ఈ రంగంలో పాత అలవాటు.

ఇప్పుడు చట్టం కొంత చేతికొచ్చింది. 2025 నవంబరు 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. నియామక పత్రం ఇచ్చి తీరాలి. ఉద్యోగం మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో జీతం బాకీ తీర్చాలి. ఇంకో ముఖ్యమైన విషయం: కమిషన్, పెట్రోలు డబ్బుల వంటివి వేతనం లెక్కలోకి రావు గానీ, అలాంటివన్నీ కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే చూడాలి. ఫిక్స్‌డ్‌ను చిన్నది చేసి మిగతాదంతా ఇన్సెంటివ్ పేరుతో ఇచ్చి పీఎఫ్ మిగుల్చుకునే ఏజెన్సీలకు ఇది తగలాల్సిన దెబ్బ. తగలాలంటే కుర్రాడి చేతిలో నియామక పత్రం, జీతం చీటీ ఉండాలి. నాతో తిరిగినవాళ్లలో చాలామందికి మెడలో ఐడీ కార్డు తప్ప ఇంకే కాగితమూ ఉండేది కాదు.

నా తీర్పు ఇదీ. నెల బతుకు గడిచేంత ఫిక్స్‌డ్ ఉండాలి. ఇన్సెంటివ్ ఉంటే అది అంచెలుగా కాకుండా చేసిన పనికి తగినట్టు పెరగాలి. పంట తేదీకి మాట తీసుకుని నిలబెట్టించుకున్న కేసుకూ విలువ కట్టాలి. సిబ్బంది జేబులోంచి కిస్తీ వేయించే మేనేజరును దొంగలెక్కలు రాసినవాడిగానే చూడాలి. ఏజెన్సీతో రాసుకున్న పేఅవుట్ ఒప్పందాన్ని తనిఖీకి వచ్చిన రిజర్వ్ బ్యాంకు అధికారి మొదట అడిగే కాగితాల్లో చేర్చాలి.

మీ ఇంటికి ఏజెంటు వస్తే ఐడీ కార్డు, బ్యాంకు ఇచ్చిన అధికార పత్రం చూపించమనండి. డబ్బు కడితే రసీదు తీసుకోండి. హద్దు మీరితే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. ఆ ఫిర్యాదులో కుర్రాడి పేరు దగ్గరే ఆగకండి. అతణ్ని ఏ ఏజెన్సీ పంపింది, ఏ లెక్కన డబ్బులిచ్చి పంపింది అని కూడా అడగండి. జవాబు చెప్పాల్సింది అప్పిచ్చిన సంస్థే.