కరెంటు పోయినా చెదరని పని

2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ప్లస్‌టూ పిల్లలకు ఉచిత ల్యాప్‌టాప్‌లు పంచడం మొదలుపెట్టింది. వేలూరు, గుడియాత్తం సర్కారు బడుల పిల్లలకూ అవి అందాయి. తెలుగు మాట్లాడుకునే ఇళ్లు ఈ రెండు ఊళ్లలోనూ తక్కువేం కావు. ఆ పథకం యంత్రాల్లో విండోస్‌తో పాటు బాస్ అనే లినక్స్ కూడా వచ్చింది. డెబియన్ అనే మరో లినక్స్‌ను ఆధారం చేసుకుని చెన్నై సీ-డాక్ సంస్థ తయారుచేసిన వ్యవస్థ అది. అందులో ఒక నల్ల కిటికీ తెరిచి, నాలుగు మాటలు టైపు చేస్తే సాఫ్ట్‌వేర్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఆ పని చేసేది ఆప్ట్. దాని పనితనం గురించి తెలుగులో ఇంత తక్కువ మాట్లాడుకోవడం నాకు వెలితిగానే ఉంది.

పైకి కనిపించేది చాలా చిన్నది. ‘ఆప్ట్ అప్‌డేట్’ అంటే ఏయే సరుకు కొత్తగా వచ్చిందో జాబితా తెచ్చుకుంటుంది, ఇంకేమీ కదపదు. ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ అంటే ఉన్నవాటిని కొత్తవాటితో మారుస్తుంది. తిరుమల కృష్ణ దేశికాచారి రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు కావాలంటే, ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ పక్కన ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’ అని రాస్తే చాలు. ఒక ప్యాకేజీకి, అంటే ఇలా వచ్చే సాఫ్ట్‌వేర్ మూటకి, తోడుగా ఇంకేవి కావాలో, దేనితో దేనికి పొసగదో లెక్కగట్టి, ఎన్ని వస్తాయో, డిస్కులో ఎంత చోటు పడుతుందో చెప్పి, అడిగినదానికి మించి ఏమైనా వచ్చేటట్టయితే సరేనా అని అడిగాకే చెయ్యి వేస్తుంది. మనం అడిగినవి ఏవి, వాటికి తోడుగా వచ్చినవి ఏవి అన్నది కూడా గుర్తుపెట్టుకుంటుంది. అవసరం తీరిన తోడు ప్యాకేజీలను తర్వాత ఏరి తీసేయడానికి ఆ గుర్తే ఆధారం.

అసలు నేర్పు కింద ఉంది. ఆప్ట్ సరుకు తెస్తుంది, అమర్చేది డీపీకేజీ. ఇది డెబియన్ తొలినాళ్లలోనే, 1994లో పుట్టింది. ఆప్ట్ 1999లో డెబియన్ 2.1తో వచ్చింది. ఆ నేర్పు తెలియాలంటే కరెంటు కోతను గుర్తుచేసుకోవాలి. 2012లో చెన్నై వెలుపలి జిల్లాలు పడ్డ కరెంటు కోతలు అక్కడివాళ్లు మరిచిపోయి ఉండరు. బ్యాటరీ నీరసించిన యంత్రంలో అప్‌గ్రేడ్ సగంలో ఉండగా కరెంటు పోయిందనుకోండి. పాత ఫైలు చెరిపి కొత్తది రాసే పద్ధతైతే, ఆ క్షణాన రెండూ ఉండవు.

డీపీకేజీ అలా చేయదు. గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరు. పడుగు అయిపోవచ్చినప్పుడు నేతగాడు పాత పోగుల్ని అచ్చులోంచి లాగేయడు. కొత్త పడుగు కొసల్ని ఒక్కొక్కటిగా వాటికి అతికి, పాతదాని వెంటే కొత్తదాన్ని దాటిస్తాడు. ఇక్కడా అంతే. కొత్త ఫైలును ముందు పక్కన వేరే పేరుతో పూర్తిగా రాస్తుంది. పాతది మరో పేరుతో అలాగే మిగులుతుంది. ఆ తర్వాతే కొత్తది పాతదాని పేరు తీసుకుంటుంది, ఒక్క దెబ్బతో. నడుమ ఏదైనా తేడా వస్తే పాతది తిరిగి తన చోటికి చేరుతుంది. ప్రతి ప్యాకేజీ ఏ మెట్టు మీద ఉందో, సగం అమరిందా, విప్పి ఉంచారా, పూర్తయిందా అన్నది చిట్టాలో ఉంటుంది. కరెంటు వచ్చాక ఆప్ట్‌ను మళ్లీ పిలిస్తే, పని మధ్యలో ఆగిందని, ఏ ఆదేశంతో కొనసాగించాలో కూడా తనే చెబుతుంది. దింపుకోవడంలో తెగిన ఫైళ్లనూ విడిగా ఒక అరలో దాచి, వీలైతే ఆగిన చోటి నుంచే అందుకుంటుంది.

నాకు ఇంకా నచ్చింది డీపీకేజీ మర్యాద. ఒక సెట్టింగుల ఫైలును మీరు చేత్తో దిద్దుకున్నారు, కొత్త వెర్షన్‌లోనూ అదే ఫైలు మారి వచ్చింది. అప్పుడది మీ రాతను తుడిచేయదు. ఆగి, రెండింటి తేడా చూపిస్తానంటుంది. మీరు ఏమీ చెప్పకుండా ఎంటర్ నొక్కితే మీదే ఉంచుతుంది. యజమాని ఎవరన్నది ఆ ఒక్క మీటతో తేల్చేసిన తీరు చూస్తే, రాసినవాళ్లకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఇంట్లో నెట్ లేనివాళ్లను కూడా డెబియన్ లోకం వదిలేయలేదు. రితేష్ రాజ్ సరాఫ్ రాసిన ఆప్ట్-ఆఫ్‌లైన్ అందుకే పుట్టింది. ఏమేం కావాలో మీ యంత్రం ఒక చీటీ రాసిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి బ్రౌజింగ్ సెంటర్లో సరుకంతా దింపుకుని తెచ్చుకోవచ్చు, అక్కడ విండోస్ ఉన్నా సరే. మరి దారిలో ఎవరైనా కల్తీ చేస్తే? జాబితాల చిట్టా మీద డెబియన్ సంతకం ఉంటుంది. ఆ చిట్టాలో ప్రతి జాబితాకూ, జాబితాలో ప్రతి ప్యాకేజీకీ ఒక వేలిముద్ర లాంటి సంఖ్య ఉంటుంది. 2007లో వచ్చిన డెబియన్ 4.0 నుంచి ఆప్ట్ ఈ సంతకాన్ని తనే సరిచూస్తోంది. ఒక్క అక్షరం తేడా పడినా ఆ సంఖ్య కలవదు, ఆప్ట్ దాన్ని లోపలికి రానివ్వదు. సరుకు పెన్‌డ్రైవ్‌లో వచ్చినా, వేలూరులో ఏదైనా కళాశాల సర్వర్ నుంచి వచ్చినా పరీక్ష ఒక్కటే.