పీపాలో మూడేళ్లు

ఫుగు చేప అనగానే జపాన్ వంటవాళ్ల కత్తి పనితనమే గుర్తుకొస్తుంది. విషమున్న కాలేయం, అండాశయం తీసేసి, కింద పళ్ళెం మీది బొమ్మ కనబడేంత పల్చగా కండ కోస్తారు. అంతకన్నా పెద్ద పనితనం నాకు ఇషికావా ప్రాంతంలోని మికావాలో కనిపిస్తుంది. అందరూ పారేసే ఆ అండాశయాన్నే అక్కడివాళ్లు తినే వస్తువుగా మారుస్తారు.

అందులోని విషం పేరు టెట్రోడోటాక్సిన్. నరాల్లో సోడియం వెళ్లే దారులను మూసేస్తుంది. ముందు పెదవులు తిమ్మిరెక్కుతాయి, తర్వాత కాళ్లూ చేతులూ చచ్చుబడతాయి, చివరికి ఊపిరి ఆగుతుంది. విరుగుడు లేదు. 1975లో ప్రఖ్యాత కబుకి నటుడు ఎనిమిదో బాండో మిత్సుగోరో క్యోటోలో ఫుగు కాలేయం తిని మరణించాడు.

అలాంటి విషంతో మికావావాళ్లు తొందరపడరు. గుడ్ల సంచులకు ఉప్పు దట్టంగా పట్టించి ఏడాదికి పైగా ఉంచుతారు. ఉప్పు లాగిన నీటితోపాటు కొంత విషమూ బయటికొస్తుంది. ఆ తర్వాత చెక్క పీపాల్లో వరి తవుడు, కోజి (బూజు పట్టించి పులియబెట్టిన బియ్యం), మిరపకాయలతో వరుసలుగా పేర్చి, పైన బరువైన రాళ్లు పెడతారు. ఉప్పులో ఊరిన చేపల రసం పైనుంచి పోస్తారు. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెలా ఆ రసం గాలిని లోపలికి పోనివ్వదు. అలా మరో ఏడాదో రెండేళ్లో. విషం ఉప్పునీటిలోకీ తవుడులోకీ దిగుతుందని తెలుసు. సూక్ష్మజీవుల పాత్ర ఎంతన్న దానిపై శాస్త్రజ్ఞుల చర్చ ఇంకా తెగలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆఖరి మెట్టు. ఎన్ని తరాల అనుభవమున్నా, సరుకు విషపరీక్ష దాటందే అంగడికి రాదు. గ్రాముకు 10 మౌస్ యూనిట్ల లోపు ఉండాలి. 20 గ్రాముల చిట్టెలుకను అరగంటలో చంపే విషం ఒక యూనిట్. చేయి తిరిగినవాళ్లు కూడా తమ చేతిని గుడ్డిగా నమ్మకపోవడమే ఈ విద్యలోని గొప్పతనం. ప్రభుత్వ అనుమతి కూడా ఆ కట్టుబాటు మీదే నిలిచింది.

అంతా అయ్యాక పసుపుపచ్చగా, గట్టిపడిన గుడ్ల ముద్ద చేతికొస్తుంది. బాగా ఉప్పగా ఉంటుంది కాబట్టి పల్చటి ముక్క కోసుకుని అన్నంలో నంచుకుంటారు.

బంగాళాఖాతంలో వేసిన వలల్లోనూ ఫుగు కోవకు చెందిన ఉబ్బే చేపల జాతులు పడతాయి. పులుసు ఎంతసేపు మరిగించినా వాటి విషం పోదు. మికావా పద్ధతిని మెచ్చుకోవాలే తప్ప, ఇంట్లో చేసి చూడకూడదు. ఆ పరీక్ష లేని ఊరగాయ విషమే.