తిరుమల ‘మన్రో గంగాళం’ ఐతిహ్యం: వలసపాలన జ్ఞాపకంపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
తిరుమల శ్రీవారి ఆలయంలో నైవేద్యానికి సంబంధించిన ఒక పెద్ద పాత్రకు ‘మన్రో గంగాళం’ అని పేరు. దాని చుట్టూ అల్లుకొన్న ఐతిహ్యం సర్ థామస్ మన్రోను భక్తునిగా, దాతగా నిలుపుతుంది. ఆలయ పాలనచరిత్ర, భూమిశిస్తు చరిత్ర మాత్రం ఈస్టిండియా కంపెనీని మరో రూపంలో చూపుతాయి. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి, ఐతిహ్యం ఏమి చెబుతోందో, ఏమి మరుగుపరుస్తోందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మన్రో, తిరుమల, ఐతిహ్యం, రైత్వారీ, దత్తమండలాలు, చిత్తూరు పాలెగాళ్లు.

1. ఐతిహ్య స్వరూపం:
ఈ కథకు పలు రూపాలున్నాయి. ఎక్కువగా వినిపించే రూపంలో మన్రో దొర శ్రీవారి ప్రసాదాన్ని చిన్నచూపు చూస్తాడు. వెంటనే తీరని కడుపునొప్పి పట్టుకుంటుంది. మందులకు లొంగని ఆ నొప్పి ప్రసాదం స్వీకరించాక తగ్గుతుంది. అప్పుడతడు నిత్యం గంగాళం నిండా పొంగలి నివేదించడానికి ఒక గ్రామ ఆదాయాన్ని కేటాయిస్తాడు.

రాయలసీమలో మన్రో గురించి ఇటువంటి కథలు మరికొన్ని ఉన్నాయి. మంత్రాలయం కథలో మఠం ఇనాము భూముల విచారణకు వచ్చిన మన్రోకు మాత్రమే రాఘవేంద్రస్వామి కనిపించి మాట్లాడతాడు. కడప జిల్లా గండి క్షేత్రం కథలో మరణం సమీపించినవారికే కనిపించే బంగారు తోరణం అతని కంటపడుతుంది. మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు.

మూడు కథలకూ నిర్మాణం ఒకటే. అధికారంతో వచ్చినవాడు తన అధికారం చెల్లని చోట ఆగిపోతాడు. తిరుమల, మంత్రాలయం కథల్లో వివాదాంశం ఆలయానికో మఠానికో చెందిన సంపద కావడం గమనార్హం.

2. కంపెనీ చేతిలో ఆలయం:
మన్రో 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరు. తిరుపతి, చంద్రగిరి, చిత్తూరు ప్రాంతాలు దత్తమండలాల్లోనివి కావు. అవి ఆర్కాటు నవాబు రాజ్యంలో భాగంగా 1801లో కంపెనీ వశమై ఉత్తర ఆర్కాటులో చేరాయి. చిత్తూరు జిల్లా 1911లో గాని ఏర్పడలేదు. కనుక మన్రోను చిత్తూరు కలెక్టరుగా పేర్కొనడం సరికాదు. అతనికి ఈ ప్రాంతంపై అధికారం ఉన్నది మద్రాసు గవర్నరుగా, 1820-27 మధ్యనే.

1801 నుంచి 1843 వరకు తిరుమల ఆలయ నిర్వహణ కంపెనీ అధికారుల చేతిలో ఉంది. 1803లో స్ట్రాటన్ నివేదిక ఆలయ పూజలు, ఖర్చులు, భూముల వివరాలను నమోదు చేసింది. 1821లో 42 నిబంధనలతో బ్రూస్ కోడు వచ్చింది. ఖర్చులు పోగా మిగిలిన ఆలయాదాయం కంపెనీ ఖజానాకు చేరేది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనను నిర్వహించడం తగదని ఇంగ్లండులో వచ్చిన అభ్యంతరాల ఫలితంగా, 1843లో నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసుకు అప్పగింపబడింది. ఆలయ సంపదను వాడుకొన్నామన్న పశ్చాత్తాపం దీనికి కారణం కాదు.

బ్రూస్ కోడు వచ్చిన కాలమూ మన్రో గవర్నరుగా ఉన్న కాలమూ ఒకటే. పాలనచరిత్రలో ప్రభుత్వం దేవుని నుంచి తీసుకొన్నది. ఐతిహ్యంలో ప్రభుత్వ ప్రతినిధి దేవునికి ఇచ్చాడు. ఐతిహ్యం ఈ సంబంధాన్ని తలకిందులు చేసింది.

3. రైతు, పాలెగాడు:
మన్రో పేరు విడదీయరానంతగా ముడిపడిన విధానం రైత్వారీ. దత్తమండలాల్లో ప్రభుత్వ వాటా స్థూల పంటలో సుమారు 45 శాతంగా లెక్కించబడింది. ఇది భారమని గ్రహించిన మన్రో 1807లో 25 శాతం తగ్గింపును సూచించాడు. ప్రభుత్వం అంగీకరించలేదు. తగ్గింపు అమలుకు అతడే గవర్నరు కావలసివచ్చింది. వ్యక్తిగా అతని వివేకాన్ని కాదనలేం. అయితే ఆ వివేకానికి సైతం లొంగని రాబడి దాహం వ్యవస్థలో ఉందనడానికి ఈ ఘటనే సాక్ష్యం.

దత్తమండలాల్లో సుమారు 80 మంది పాలెగాళ్ల అధికారాన్ని మన్రో అణచివేశాడు. నరగంటి, కల్లూరు, పులిచెర్ల వంటి చిత్తూరు పాలెగాళ్లపై 1804-05లో కంపెనీ సైన్యాలు నడిచాయి. పాలెగాళ్లు కూడా రైతులను పీడించినవారే, వారిని ఆదర్శీకరించనక్కరలేదు. కానీ వారి స్థానంలో వచ్చిన ప్రభుత్వం వానలు నమ్మలేని నేలపై నగదు శిస్తును స్థిరపరచింది. 1876-78 నాటి ధాత కరువు వచ్చేసరికి ఈ సీమ రైతు చేతిలో నిలవ లేకపోవడానికి ఈ భారం కూడా ఒక కారణం.

4. ఐతిహ్యాన్ని చదవవలసిన తీరు:
ఈ కథను మంచి దొర పాలనకు రుజువుగా గ్రహించడం ఒక పొరపాటు. మూఢవిశ్వాసమని తోసివేయడం మరొక పొరపాటు. జానపద స్మృతి ఇక్కడ ఒక పని చేసింది. అందరిచేత శిస్తు కట్టించుకొన్నవానిచేత కథలోనైనా దేవునికి చెల్లింపజేసింది. అందులో పాలితుల ఆత్మగౌరవం ఉంది.

కానీ అదే కథలో ఒక మౌనమూ ఉంది. కథ చెప్పినట్లే చూసినా మన్రో ఇచ్చింది సొంత సొమ్ము కాదు, ఒక గ్రామ ఆదాయం. గ్రామ ఆదాయమంటే ఆ ఊరి రైతులు కట్టిన శిస్తు. గంగాళంలో ఉడికిన పొంగలి వారి కష్టఫలం. పాత్రకు మాత్రం దొర పేరు నిలిచింది. ఆ రైతులకు కథలో పాత్రలుగానైనా చోటు దక్కలేదు. వలసపాలన వారసత్వాన్ని వెదకవలసినది ఈ లోపంలోనే. సంపద పోవడం ఒక నష్టమైతే, ఇచ్చినవాడెవరో మరచిపోవడం దాని తరువాతి నష్టం.

ముగింపు:
దత్తమండలాలన్న పేరులోని అవమానాన్ని గుర్తించి, 1928 నంద్యాల సభల నాడు ఈ ప్రాంతీయులు ‘రాయలసీమ’ అన్న పేరును స్వీకరించారు. పేరు విషయంలో చూపిన ఆ మెలకువ ఐతిహ్యాల పఠనంలోనూ అవసరం. అందుకు మన్రో గంగాళం పేరు మార్చనక్కరలేదు. తరగతిగదిలో ఈ కథను చెప్పేటప్పుడు 1801-43 నాటి ఆలయ నిర్వహణను, రైత్వారీ శిస్తును కూడా కలిపి చెప్పాలి. చంద్రగిరి, వాయల్పాడు, మదనపల్లె ప్రాంతాల్లో ఈ కథ పాఠాంతరాలను సేకరించి, మెకంజీ కైఫీయతులతోనూ రెవెన్యూ పత్రాలతోనూ పోల్చి చూస్తే, శిస్తు కట్టినవారి మాట ఏ పాఠంలోనైనా మిగిలి ఉందో లేదో తెలుస్తుంది.