మాట ఒకటి, అర్థాలు రెండు

కంప్యూటరు భాషలు నేర్చుకునే విద్యార్థులను తికమక పెట్టే ప్రశ్న ఒకటి ఉన్నది. జావా భాషలో ఒక ఫంక్షనుకు ఆబ్జెక్టును అందజేసినప్పుడు అది ‘పాస్ బై వాల్యూ’ అవుతుందా, ‘పాస్ బై రిఫరెన్స్’ అవుతుందా? బాగా తెలిసినవారు కూడా రెండు పక్షాలుగా చీలి వాదిస్తుంటారు. విచిత్రమేమంటే, యంత్రంలో జరిగే పనిని గురించి ఇరుపక్షాలకూ భేదం లేదు. భేదమంతా మాట దగ్గరనే.

జరిగే పనిని ఒక ఉపమానంతో చూద్దాం. రామయ్య వద్ద ఒక ఇంటి చిరునామా చీటీ ఉన్నది. దాని నకలు వ్రాసి సోమయ్యకు ఇచ్చాడు. సోమయ్య ఆ ఇంటికి పోయి గోడల రంగు మార్చితే రామయ్యకూ ఆ మార్పు కనబడుతుంది. ఇల్లు ఒక్కటే గదా! కాని సోమయ్య తన చీటీలోని చిరునామా కొట్టివేసి వేరొకటి వ్రాసుకుంటే రామయ్య చీటీ మారదు. జావాలో జరిగేది ఇదే. నకలు గాక అసలు చీటీనే ఇచ్చినప్పుడు మాత్రమే ఆ దిద్దుబాటు రామయ్యకూ తగులుతుంది. సి ప్లస్ ప్లస్ భాషలో అందుకు వీలున్నది.

ఇక వివాదానికి మూలమేమిటి? 1960లో వెలువడిన ఆల్గాల్ 60 నివేదికలో ‘కాల్ బై వాల్యూ’ వంటి పేర్లు అందజేసే పద్ధతిని తెలిపేవి. 1995లో వచ్చిన జావాలోనైతే ఆ చీటీకే ‘రిఫరెన్స్’ అని పేరు. ఒకరు పద్ధతిని ఉద్దేశించి, మరొకరు వస్తువును ఉద్దేశించి ఒకే మాట వాడితే పేచీ రాక తప్పదు. ఇటువంటి పద్ధతికే బార్బరా లిస్కోవ్ బృందం 1970ల దశకంలో సి.ఎల్.యు. భాషలో ‘కాల్ బై షేరింగ్’ అని పేరు పెట్టింది. పేరు చక్కనిదే గాని అంతగా వ్యాప్తిలోకి రాలేదు.

రెండర్థాలలో పాతదే మేలు. దానిని ప్రయోగంతో పరీక్షించవచ్చును. రెండు చరరాశులను తారుమారు చేసే ఫంక్షనును జావాలో వ్రాసి నడిపితే, పిలిచినచోట అవి యథాతథంగానే ఉంటాయి. కనుక అది ‘బై వాల్యూ’యే, అందిన విలువ చిరునామా, అంతే. “అంకెలు విలువగా, ఆబ్జెక్టులు రిఫరెన్స్‌గా అందుతాయి” అనే వాక్యాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి అవి తారుమారవుతాయనే ఊహిస్తాడు, పొరబడతాడు. ఉపాధ్యాయులు ముందు ఫలితం ఏమిటో ఊహించమని అడిగి, ప్రోగ్రామును నడిపి చూపి, పేరు ఆ తరువాత చెప్పడం మంచిది. పని తెలిసినవానికి పేరు ఒక గుర్తు. పని తెలియనివానికి అది వట్టి శబ్దం.